సైకిలెక్కే ముందు ఎంత వేడెక్కాలి?

ఆదివారం ఉదయం సామూహిక సైకిల్ యాత్రలు ఇప్పుడు దేశంలో చాలా ఊళ్లకు అలవాటయ్యాయి. 2019 ఆగస్టు 29న ప్రారంభమైన 'ఫిట్ ఇండియా' ఉద్యమంలో భాగంగా, 2024 డిసెంబరు నుంచి 'సండేస్ ఆన్ సైకిల్' పేరుతో కేంద్ర క్రీడాశాఖ వీటిని ప్రోత్సహిస్తోంది. సైకిల్ క్లబ్బులు, కళాశాలలు, ఆసుపత్రులు కూడా ఎవరికి వారు ఇలాంటివి జరుపుతున్నారు. చాలాచోట్ల వరస ఒకటే. ముందుగా వేదిక మీద నుంచి పాటల హోరులో అరగంటో ముప్పావుగంటో వార్మప్. తర్వాత అతిథుల ప్రసంగాలు, ఫొటోలు. చివరికి జెండా ఊపడం, ఊపీ ఊపగానే వందల సైకిళ్లు ఒక్కసారిగా దూసుకుపోవడం.

చూడటానికి ఉత్సాహంగా ఉంటుంది. కానీ శరీరధర్మ శాస్త్రం చెప్పే వరసకు ఇది దాదాపు తలకిందులు. వేడెక్కాల్సినదానికన్నా ఎక్కువసేపు వేడెక్కించి, ఆ వేడి చల్లారేదాకా నిలబెట్టి, అప్పుడు ఒక్క ఉదుటున పరుగెత్తించడం ఇందులో ఉంది. వార్మప్ వద్దని ఎవరూ అనరు. అయితే అది పూజకు ముందు ఆచమనం లాంటి లాంఛనం కాదు. మందు లాంటిది. ఎంత మోతాదు, ఎప్పుడు, ఎవరికి అన్న ప్రశ్నలు దానికీ ఉన్నాయి. ఎండలు మండే మన దేశంలో ఆ ప్రశ్నలు అడగకపోవడం వల్ల నష్టమే జరుగుతుంది.

కండరం ఒక చిన్న పొయ్యి

వార్మప్ వల్ల నిజంగా ప్రయోజనం ఉందా అని ప్రయోగపూర్వకంగా చూసిన తొలితరం పరిశోధనల్లో ఒకటి 1945లో డెన్మార్క్ నుంచి వెలువడింది. అస్ముసెన్, బోయె అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కదలని ప్రయోగశాల సైకిల్ మీద మనుషుల చేత పని చేయించి, ముందుగా ఒళ్లు వేడెక్కినప్పుడు, ఎక్కనప్పుడు తేడా ఎంతో కొలిచారు. ముందు కాసేపు తొక్కినవారు గట్టి పనిని వేగంగా పూర్తి చేయగలిగారు. విశేషం ఏమిటంటే, కాళ్లు కదపకుండా వేడినీటి స్నానం వంటి పద్ధతులతో శరీరాన్ని వెచ్చబరిచినా మేలు కనబడింది. మర్దన మాత్రం పనిచేయలేదు. అంటే ఇక్కడ అసలు పాత్రధారి ఉష్ణోగ్రతే అని వారు తేల్చారు.

కండరానికి వేడి ఎక్కడిది? అది స్వతహాగా ఒక పొయ్యి. కండరంలో ఉష్ణం ఎలా పుడుతుందో వివరించినందుకే ఆర్చిబాల్డ్ వివియన్ హిల్‌కు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. సైకిల్ తొక్కేటప్పుడు మన శరీరపు దక్షత 20 నుంచి 25 శాతం మాత్రమే. తిన్న తిండి నుంచి వచ్చే శక్తిలో నాలుగోవంతో ఐదోవంతో పెడల్ దాకా చేరుతుంది. మిగిలినదంతా వేడే.

ఒక చిన్న లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. చదునైన రోడ్డు మీద తీరిగ్గా తొక్కే మనిషి పెడళ్లకు 80 వాట్ల దాకా సామర్థ్యం అందిస్తాడనుకుందాం. అదే సమయంలో అతని శరీరం కనీసం 250 వాట్ల వేడిని పుట్టిస్తుంది. పని చేసే కాలి కండరాల బరువు 10 కిలోలు అనుకుంటే, కండరపు విశిష్టోష్ణం కిలోకు 3.5 కిలోజౌళ్ల చొప్పున, వాటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి 35 కిలోజౌళ్లు కావాలి. 250 వాట్లతో అది సుమారు రెండున్నర నిమిషాల పని. చల్లని ఉదయం 34, 35 డిగ్రీల దగ్గర ఉన్న తొడ కండరం 38 డిగ్రీలకు చేరడానికి ఏడెనిమిది నిమిషాలు చాలు. రక్తం కొంత వేడిని మోసుకుపోతుంది కాబట్టి ఇంకో రెండు మూడు నిమిషాలు కలుపుకోవచ్చు. కండరంలోకి సన్నని ఉష్ణమాపక సూదులు దింపి కొలిచిన ప్రయోగాలూ దాదాపు ఇదే చెబుతున్నాయి. మొదటి ఐదు నిమిషాల్లో ఉష్ణోగ్రత చకచకా పెరుగుతుంది, 10 నుంచి 20 నిమిషాల మధ్య నిలకడకు వస్తుంది. ఆ తర్వాత ఎంతసేపు తొక్కినా కండరానికి అదనంగా వచ్చే వెచ్చదనం స్వల్పం.

ఈ మూడు డిగ్రీలతో ఒరిగేదేమిటి? కండరంలో రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. నరాల సంకేతాలు కొంత త్వరగా ప్రయాణిస్తాయి. కీళ్లలో, కండరపు పోగుల్లో జిగట తగ్గి కదలిక సులువవుతుంది. వెచ్చబడిన రక్తంలోని హిమోగ్లోబిన్ తన దగ్గరి ఆక్సిజన్‌ను కండరానికి తేలిగ్గా వదిలిపెడుతుంది. 1987లో ఆంథొనీ సార్జెంట్ అనే శాస్త్రవేత్త కాళ్లను వేర్వేరు ఉష్ణోగ్రతల నీటిలో ఉంచి, ఆ వెంటనే సైకిల్ తొక్కించి చూశాడు. నిమిషానికి 54 చుట్లు తొక్కినప్పుడు కండరం ఒక్క డిగ్రీ పెరిగితే గరిష్ఠ సామర్థ్యం సుమారు 2 శాతం పెరిగింది. నిమిషానికి 140 చుట్ల వేగంలో అదే ఒక్క డిగ్రీకి 10 శాతం దాకా పెరిగింది.

ఈ రెండంకెల మధ్య తేడాలోనే ఒక ఉపయోగకరమైన పాఠం ఉంది. ట్రాక్ మీద కాళ్లు కనబడనంత వేగంగా తొక్కే పోటీదారుకు వెచ్చని కండరం గెలుపోటములను తేల్చే విషయం. కూరగాయల సంచీ హ్యాండిల్‌కు తగిలించుకుని మార్కెట్ నుంచి ఇంటికి వచ్చే మనిషికి అది లెక్కలోకి రాదు. ఒకే సలహా ఇద్దరికీ సరిపోదు.

గుండెకు కావలసింది కాస్త వ్యవధి

వేడి ఒక సంగతి, ఆక్సిజన్ మరో సంగతి. పెడల్ మీద ఒక్కసారిగా బలం వేస్తే కండరానికి ఆ క్షణంలోనే ఎక్కువ శక్తి కావాలి. కానీ ఊపిరితిత్తులు, గుండె, రక్తనాళాలు ఆ గిరాకీకి తగినంత ఆక్సిజన్ అందించే స్థాయికి రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ లోపల కండరం తనలో దాచుకున్న నిల్వలతో నెట్టుకొస్తుంది. మొదటి ఫ్లైఓవర్ ఎక్కేసరికే రొప్పు రావడం, పది నిమిషాల తర్వాత అంతకన్నా పెద్ద ఎత్తును కూడా తేలిగ్గా ఎక్కగలగడం ప్రతి సైకిలిస్టుకూ అనుభవమే. మధ్యలో కొత్త బలమేమీ రాలేదు. సరఫరా గిరాకీని అందుకుంది, అంతే.

గుండె విషయంలో ఈ వ్యవధికి మరింత విలువ ఉంది. 1973లో లాస్ ఏంజెలిస్‌లో జేమ్స్ బర్నార్డ్ బృందం ఆరోగ్యంగా ఉన్న 44 మంది పురుషుల చేత ఏ సన్నాహమూ లేకుండా ట్రెడ్‌మిల్ మీద 10, 15 సెకన్ల పాటు గట్టిగా పరుగెత్తించింది. వారిలో 31 మంది ఈసీజీలో అసాధారణ మార్పులు కనబడ్డాయి. గుండె కండరానికి కొద్దిసేపు రక్తం చాలలేదనడానికి అవి సూచనలు. ముందుగా కాసేపు తేలికపాటి జాగింగ్ చేయించి అదే పరుగు పెట్టిస్తే చాలామందిలో ఆ మార్పులు తగ్గాయి లేదా మాయమయ్యాయి. తర్వాతి కాలంలో శిక్షణ పొందిన యువకుల మీద చేసిన అధ్యయనాల్లో ఇంత తేడా కనబడలేదు. కాబట్టి దీన్ని అందరికీ అన్వయించి భయపెట్టడం సరికాదు. కానీ నడివయసులో, చాలాకాలం తర్వాత సైకిల్ బయటికి తీసిన వ్యక్తి విషయంలో దీన్ని పట్టించుకోకపోవడమూ సరికాదు.

ఎందుకంటే అసలు ముప్పు అలవాటు లేని శ్రమలో ఉంది. 1993లో అమెరికాలో ముర్రే మిటిల్‌మన్ బృందం గుండెపోటు వచ్చిన 1,228 మంది దినచర్యను పరిశీలించింది. గట్టి శ్రమ చేసిన తర్వాతి గంటలో గుండెపోటు ముప్పు సగటున సుమారు 6 రెట్లు పెరిగినట్టు తేలింది. వారానికి ఐదు రోజులో అంతకుమించో వ్యాయామం చేసేవారిలో అది 2.4 రెట్లు మాత్రమే. వారానికి ఒక్కసారి కూడా చేయనివారిలో 107 రెట్లు. ఒక మనిషికి ఏదో ఒక గంటలో గుండెపోటు వచ్చే అవకాశం అతి స్వల్పం కాబట్టి ఈ అంకె విని బెంబేలు పడనక్కరలేదు. దాని అర్థం మాత్రం స్పష్టం. అసలైన వార్మప్ ఆదివారం ఉదయం పది నిమిషాల్లో పూర్తయ్యేది కాదు. అది వారమంతా సాగేది.

మన ప్రాంతానికి ఇందులో ప్రత్యేకంగా ఆలోచించాల్సిన విషయం ఉంది. అంతర్జాతీయ 'ఇంటర్‌హార్ట్' అధ్యయనం ప్రకారం దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53 ఏళ్లు. ఇతర ప్రాంతాల వారికి అది దాదాపు 59. సామూహిక సైకిల్ యాత్రలకు ఉత్సాహంగా వచ్చేవారిలో 40, 50 ఏళ్ల మధ్యవారు ఎంతోమంది. వారిని జెండా ఊపగానే పరుగు పెట్టించే పద్ధతి మారాలి. మొదటి 2 కిలోమీటర్లు ఎవరూ దాటిపోవడానికి వీల్లేకుండా ముందు ఒక సైకిల్ నెమ్మదిగా దారితీస్తే సరిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఎక్కువైతే ఎదురు దెబ్బ

వార్మప్ ఎంత చేస్తే అంత మంచిదన్న నమ్మకం వృత్తి క్రీడాకారుల్లోనూ ఉండేది. దాన్ని 2011లో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం పరీక్షకు పెట్టింది. తోమరాస్, మెకింటాష్ అనే పరిశోధకులు బాగా శిక్షణ పొందిన 10 మంది ట్రాక్ సైకిలిస్టులను తీసుకున్నారు. ఒకరోజు వారికి అలవాటైన వార్మప్ చేయించారు. అది దాదాపు 50 నిమిషాలు సాగుతుంది, తీవ్రత మెట్టుమెట్టుగా గుండె గరిష్ఠ వేగంలో 95 శాతం దాకా వెళుతుంది, చివర్లో నాలుగు గట్టి స్ప్రింట్లు ఉంటాయి. మరోరోజు తేలికపాటి వార్మప్ సుమారు 15 నిమిషాలు, ఒకే ఒక్క స్ప్రింట్. చిన్న వార్మప్ తర్వాత గరిష్ఠ సామర్థ్యం 6.2 శాతం ఎక్కువగా వచ్చింది. పెద్ద వార్మప్ కండరాన్ని సిద్ధం చేయడంతో ఆగలేదు, అలసటకు కూడా గురిచేసింది.

దోసె పోసే ఇంట్లో ఇది తెలియనిది కాదు. పెనం వేడెక్కకుండా పిండి పోస్తే అంటుకుంటుంది. మరీ కాలిన పెనం మీద పోస్తే మాడుతుంది. వేడెక్కిన పెనాన్ని దించి పక్కన పెట్టి కబుర్లలో పడితే మళ్లీ మొదటికొస్తుంది.

ఈ మూడో తప్పు మన కార్యక్రమాల్లో మరీ ఎక్కువ. తొక్కడం ఆపిన 15, 20 నిమిషాల్లో కండరపు ఉష్ణోగ్రత చెప్పుకోదగ్గంతగా పడిపోతుంది. ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని లెక్కగట్టారు. వార్మప్‌కూ స్ప్రింట్‌కూ మధ్య అరగంట విరామంలో సైకిలిస్టులకు ఒకసారి మామూలు ట్రాక్‌సూట్, మరోసారి బ్యాటరీతో వెచ్చబడే ప్యాంటు ఇచ్చారు. వెచ్చని ప్యాంటు వేసుకున్నప్పుడు గరిష్ఠ సామర్థ్యం సుమారు 9 శాతం మెరుగ్గా వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ ట్రాక్ సైకిలిస్టులు అలాంటి ప్యాంట్లే ధరించి తమ వంతు కోసం వేచి ఉన్నారు. అరగంట నిరీక్షణ ఒలింపిక్ విజేతల కాళ్లనే చల్లబరుస్తుంటే, అరగంట ప్రసంగాల తర్వాత బయల్దేరే మామూలు సైకిలిస్టు కాళ్ల సంగతి చెప్పేదేముంది? ప్రసంగాలు తప్పనిసరైతే ముందు ప్రసంగాలు, తర్వాత వార్మప్, వెంటనే ప్రయాణం అనే వరస పెట్టుకోవాలి.

ఎండ పుట్టించే వేడి వేరు

వార్మప్ సలహాల్లో చాలాభాగం చలి దేశాల్లో పుట్టింది. అక్కడ ఉదయం 5 డిగ్రీల చలిలో తొక్కేవారికి రాసిన సూచనలు, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో తొక్కేవారికి యథాతథంగా చెప్పడం సబబు కాదు.

ఇక్కడ రెండు ఉష్ణోగ్రతలను విడిగా చూడాలి. ఒకటి కాలి కండరానిది, రెండోది శరీరపు లోపలి భాగానిది. మొదటిది పెరగడం కోరదగినది. రెండోది పెరగడం ఖర్చు. ఈ తేడాను 1999లో గొన్సాలెస్-అలోన్సో బృందం చేసిన ప్రయోగం బాగా చూపింది. ఏడుగురు సైకిలిస్టులు 40 డిగ్రీల వేడిగదిలో ఒకే తీవ్రతతో అలసిపోయేదాకా తొక్కారు. ముందుగా శరీరాన్ని చల్లబరుచుకుని మొదలుపెట్టిన రోజు 63 నిమిషాలు తొక్కగలిగారు. మామూలుగా మొదలుపెట్టిన రోజు 46 నిమిషాలు. ముందే వేడెక్కి మొదలుపెట్టిన రోజు 28 నిమిషాలే. మూడు సందర్భాల్లోనూ వారు ఆగిపోయింది లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటగానే. అంటే ఆ పరిస్థితుల్లో శరీరానికి వేడి విషయంలో ఒక పద్దు ఉంది. ప్రయాణం మొదలు కాకముందే ఆ పద్దులో ఎంత ఖర్చు పెట్టేస్తే అంత ముందుగా ఆగిపోవాల్సి వస్తుంది.

ఇందాకటి లెక్కనే పొడిగిస్తే, 60 కిలోల మనిషి శరీరమంతా ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 210 కిలోజౌళ్లు కావాలి. 250 వాట్ల వేడి బయటికి పోయే దారి లేకపోతే అది 14 నిమిషాల్లో జరిగిపోతుంది. మామూలుగా చెమట, గాలి ఆ వేడిలో చాలాభాగాన్ని తీసుకుపోతాయి. అయితే గాలి చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు చెమట ఆరడం ఒక్కటే దారి. కోస్తా జిల్లాల ఉక్కపోతలో చెమట ఆరదు, కారుతుంది. కారిన చెమట శరీరాన్ని చల్లబరచదు.

మరో విషయం తరచుగా మరుగున పడుతుంది. కదిలే సైకిల్ మీద మనిషికి గంటకు 15, 20 కిలోమీటర్ల వేగంతో గాలి తగులుతుంది. మైదానంలో గుంపుగా నిలబడి ఎగిరే మనిషికి ఆ గాలి లేదు. పైగా పక్కవారి వేడి కూడా తోడవుతుంది. అందుకే ఎండాకాలంలో నిలబడి చేసే 40 నిమిషాల వార్మప్ కన్నా, 10 నిమిషాలు నెమ్మదిగా సైకిల్ తొక్కడమే అన్నివిధాలా మేలు. యూరప్‌లోని పెద్ద సైకిల్ పోటీల్లో వేసవి రోజుల టైమ్ ట్రయల్స్‌కు ముందు క్రీడాకారులు కదలని సైకిల్ మీద వార్మప్ చేస్తూ ఒంటికి ఐసు జాకెట్లు తొడుక్కునేది ఈ లెక్క వల్లే. కాళ్లు వేడెక్కాలి, ఒళ్లు వేడెక్కకూడదు. ఐసు జాకెట్లు లేని చోట నీడ, తడి తువ్వాలు, చల్లని నీళ్లు ఆ పని చాలావరకు చేస్తాయి.

శీతాకాలంలో ఢిల్లీలోనో లేహ్‌లోనో లెక్క మారుతుంది. అక్కడ వార్మప్ కాస్త పొడుగ్గా, ఒంటి మీద అదనపు వస్త్రంతో ఉండాలి. శ్రమతో ఉబ్బసం వచ్చేవారికి చల్లని పొడిగాలి ఇబ్బంది కలిగిస్తుంది. వారిలో చాలామందికి తగిన వార్మప్ ఆ తర్వాత కొంతసేపు రక్షణ ఇస్తుంది. మందు మానేయడానికి అది కారణం కాకూడదు.

సాగదీతలు, మోకాళ్ల నొప్పులు

వార్మప్ అనగానే చాలామంది చేసేది వంగి కాలివేళ్లు పట్టుకోవడం, మడమను వెనక్కి మడిచి నిమిషం నిలబడటం. కదలకుండా చేసే ఈ సాగదీతలు గాయాలను ఆపుతాయన్న నమ్మకానికి ఆధారం బలహీనం. 2000లో ఆస్ట్రేలియాలో 1,538 మంది సైనిక శిక్షణార్థుల మీద జరిగిన అధ్యయనంలో, వ్యాయామానికి ముందు సాగదీతలు చేసినవారికీ చేయనివారికీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మర్నాటి ఒళ్లునొప్పులను కూడా అవి పెద్దగా తగ్గించవని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు తేల్చాయి. ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి పట్టుకుంటే కొద్దిసేపు దాని బలం తగ్గుతుంది కూడా. సాగదీత చెడ్డదని కాదు. దాని వేళ వేరు. ప్రయాణం ముగిశాక, లేదా సాయంత్రం తీరిగ్గా చేసుకోవచ్చు.

ఫుట్‌బాల్‌లో వార్మప్ గాయాలను తగ్గిస్తుందనడానికి మంచి ఆధారాలున్నాయి. 'ఫిఫా 11 ప్లస్' పేరుతో పేరొందిన 20 నిమిషాల కార్యక్రమం అందుకు ఉదాహరణ. కానీ అందులో బలం, తూకం పెంచే వ్యాయామాలు కలిసి ఉంటాయి. పైగా ఫుట్‌బాల్‌లో గాయాలు దూకడం, మలుపు తిరగడం, ఢీకొనడం వల్ల వస్తాయి. సైకిల్ మీద కాలు ఒకే వృత్తంలో గంటకు కొన్ని వేలసార్లు తిరుగుతుంది. ఇక్కడ మోకాలు, నడుము నొప్పులు ఎక్కువగా వచ్చేది పునరావృతం వల్ల, సైకిల్ కొలత మనిషికి కుదరకపోవడం వల్ల. సీటు ఎత్తు తక్కువగా ఉన్న సైకిల్ మీద ఎన్ని నిమిషాలు వార్మప్ చేసినా మోకాలికి ఉపశమనం లేదు.

సీటు ఎత్తు చూసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. పెడల్ అన్నిటికన్నా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఇది ప్రభుత్వాలకూ వర్తించే విషయం. బిహార్‌లో 2006లో మొదలైన బాలికల సైకిల్ పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' వంటి పథకాలు ఎందరో ఆడపిల్లలను బడికి చేర్చాయి. అలాంటి పంపిణీ జరిగే రోజున ఒక మెకానిక్‌నూ ఒక స్పానర్‌నూ కూడా అక్కడ ఉంచి, ప్రతి పిల్లకూ సీటు సరిచేసి ఇవ్వడం ఏ వార్మప్ పాఠం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

పాలవాళ్లు వార్మప్ చేస్తారా?

ఇంత చర్చకు సహజంగా వచ్చే ఎదురు ప్రశ్న ఇది. తరతరాలుగా పాలవాళ్లు, పేపర్ కుర్రాళ్లు, భవన నిర్మాణ కూలీలు తెల్లవారుజామునే సైకిలెక్కి పోతున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం వ్యవసాయం, గృహ పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారిలో సుమారు 13 శాతం మంది పనికి వెళ్లేది సైకిల్ మీదే. వారెవరూ వేదిక ముందు ఎగరలేదు. శాస్త్రంలోనూ ఈ సందేహానికి చోటుంది. 1961లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. అభ్యర్థులను వశీకరణ నిద్రలో ఉంచి, తాము వార్మప్ చేశామో లేదో వారికే తెలియకుండా చేసి సైకిల్ తొక్కించారు. రెండు పరిస్థితుల్లోనూ ఫలితంలో తేడా కనబడలేదు. వార్మప్ ప్రయోజనంలో కొంత భాగం మనసుదే కావచ్చని అది సూచించింది. తర్వాతి దశాబ్దాల్లో ఆధారాలు వార్మప్ వైపే మొగ్గాయి. 2010లో 32 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో, పరిశీలించిన కొలమానాల్లో 79 శాతం వార్మప్ తర్వాత మెరుగయ్యాయి. అయినా మిగిలిన 21 శాతాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

పాలవాళ్లు వార్మప్ చేయరన్నది కూడా పూర్తిగా నిజం కాదు. రెండువైపులా నిండు క్యాన్లు వేలాడుతుంటే ఎవరూ ఒక్కసారిగా వేగం అందుకోలేరు. సైకిల్‌ను నాలుగడుగులు నెట్టి, ఎక్కి, సందులోంచి నిదానంగా సాగి, పెద్దరోడ్డు చేరేసరికి వారి కాళ్లు సిద్ధమవుతాయి. వారి మొదటి కిలోమీటరే వారి వార్మప్. రోజూ తొక్కడం వల్ల గుండెకు వచ్చే రక్షణ దానికి అదనం. మామూలు సైకిలిస్టు అనుసరించాల్సిన నమూనా వేదిక మీద ఎగిరే శిక్షకుడు కాదు, ఈ పాలవాడే.

ఇందులో రోడ్ల ప్రసక్తి కూడా ఉంది. నెమ్మదిగా మొదలుపెట్టాలంటే నెమ్మదిగా పోయే చోటు ఉండాలి. గేటు దాటగానే బస్సులు, లారీలు తరుముకొచ్చే రోడ్డు మీద మొదటి నిమిషం నుంచే ప్రాణభయంతో తొక్కాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ నీడతో సహా అన్నీ ఇస్తుంది. కానీ రోజూ పనికి, బడికి తొక్కేవారికి కావలసింది ఇంటి నుంచి మొదలయ్యే సురక్షితమైన అంచు. పేవ్‌మెంటు పక్కన రెండు మీటర్ల సైకిల్ దారి రవాణా సదుపాయమే కాదు, ఆరోగ్య సదుపాయం కూడా.

ఎవరికి ఎంత?

ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే మామూలు మనిషికి నియమం చాలా చిన్నది. చదునైన రోడ్డు మీద 10 నుంచి 20 కిలోమీటర్ల దాకా తొక్కేవారికి విడిగా వార్మప్ అక్కరలేదు. మొదటి 10 నిమిషాలు తేలిక గేర్‌లో, పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో తొక్కితే చాలు. గేర్లు లేని సైకిలైతే వేగమే తగ్గించాలి. ఆ నెమ్మది నిమిషాల్లో బ్రేకులు పడుతున్నాయా, టైర్లలో గాలి ఉందా, చైన్ శబ్దం చేస్తోందా అన్నవీ తెలిసిపోతాయి.

ఎత్తు ఎక్కాల్సి వచ్చినప్పుడు జాగ్రత్త పెరగాలి. బెంగళూరు నుంచి నంది కొండల దాకా తొక్కుకుంటూ వచ్చినవారికి కొండ మొదట్లోనే కాళ్లు సిద్ధంగా ఉంటాయి. కారులో సైకిల్ తెచ్చుకుని అక్కడ దిగినవారికి ఉండవు. విశాఖలో కైలాసగిరి ఎక్కే ముందు బీచ్ రోడ్డు మీద 15 నిమిషాలు తిరిగి రావడం ఇలాంటి సందర్భంలో మంచి పద్ధతి. పోటీకి దిగేవారు 15 నుంచి 20 నిమిషాలు మెల్లగా పెంచుకుంటూ తొక్కి, చివర్లో ఒకటి రెండు చిన్న స్ప్రింట్లు చేసి, ఐదు పది నిమిషాల్లోపు బరిలో ఉండాలి. ఎండ ఎక్కువగా ఉంటే ఈ సమయాన్ని సగానికి తగ్గించి నీడలో చేయాలి. 40 దాటి, చాలాకాలంగా వ్యాయామం లేనివారు, బీపీ, షుగర్ ఉన్నవారు డాక్టర్‌తో మాట్లాడి, కొన్ని వారాలు తేలిగ్గా తొక్కిన తర్వాతే వేగం గురించి ఆలోచించాలి. తొక్కేటప్పుడు ఛాతీలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, అకారణమైన తలతిరుగుడు వస్తే "ఇంకా వార్మప్ కాలేదు, కాసేపటికి సర్దుకుంటుంది" అనుకోవడం ప్రాణాంతకం. ఆగి, వెంటనే వైద్య సహాయం తీసుకోవాలి.

నిర్వాహకులు చేయాల్సింది ఇంకా తేలిక. వేదిక మీద ముప్పావుగంట వ్యాయామాన్ని 5 నిమిషాలకు కుదించాలి. ప్రసంగాలను ప్రయాణం చివరికి జరపాలి. ఎండాకాలంలో సూర్యోదయానికే జెండా ఊపాలి. మొదటి 2 కిలోమీటర్లను నెమ్మది భాగంగా ప్రకటించి, దారితీసే సైకిల్ పెట్టాలి. ప్రజలను సైకిల్ ఎక్కించడానికి ప్రభుత్వాలు, క్లబ్బులు పడుతున్న శ్రమ మెచ్చుకోదగినది. ఆ మొదటి ఆదివారం ఆయాసంతో, కాళ్ల పట్లతో, ఎండదెబ్బతో ముగిస్తే రెండో ఆదివారం వచ్చేవారు తగ్గిపోతారు. వారానికి ఒక్కరోజు దూసుకుపోయేవారి కన్నా, రోజూ నిదానంగా బయల్దేరేవారు పెరిగిన నాడే ఆ శ్రమకు ఫలితం దక్కినట్టు.